మందుల చీటీలో లాటిన్ భాష

మన ఆర్మూర్ పసుపుకు 1753లో లిన్నేయస్ పెట్టిన లాటిన్ పేరు 'కుర్కుమా లాంగా'. ఈ పేరు అన్ని దేశాల్లోనూ ఒకటే.

మీ మందుల చీటీలో కూడా ఈ భాషే ఉంది.

బి.డి. అంటే రోజుకు రెండుసార్లు.
టి.డి.ఎస్. అంటే మూడుసార్లు.
ఎ.సి. అంటే భోజనానికి ముందు.
పి.సి. అంటే భోజనం తరువాత.
హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు.

ఎస్.ఓ.ఎస్. అంటే 'సి ఓపుస్ సిట్', అనగా అవసరమైతేనే. అలా రాసిన నొప్పి మాత్రలను రోజూ మింగితే కడుపులో అల్సర్ రావచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

ఈ గుర్తులు డాక్టరుగారికి, నర్సులకు తెలుసు. మందు మింగవలసింది మాత్రం మీరు. కాబట్టి ఏ మాత్ర, ఎప్పుడు, ఎన్ని రోజులు అన్నది సిస్టర్‌ను అడిగి, తెలుగులో రాయించుకొని ఇంటికి వెళ్లండి.