మినహాయింపు అడగని బాణం

ఉర్దూలో వికలాంగుణ్ణి 'మాజూర్' అంటాము. 'ఉజ్ర్' కలవాడు, అనగా తగిన కారణముండి మినహాయింపు పొందినవాడని ఆ మాటకర్థం. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేసుకోవచ్చుననే సౌలభ్యం ఇటువంటిదే. కాని మన ఇళ్లలో ఆ సౌలభ్యమే నిషేధంగా మారింది. 'పాపం, మాజూర్ బిడ్డ' అంటూ చదువూ, ఆటా రెండూ మాన్పించి ఓ మూల కూర్చోబెడుతున్నాము. ఆడపిల్లయితే మరీను.

ఇరాన్‌లోని కెర్మాన్‌కు చెందిన జహ్రా నెమతి తైక్వాండోలో బ్లాక్ బెల్ట్ పొందిన క్రీడాకారిణి. 2003లో జరిగిన ప్రమాదంలో ఆమె కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. కొన్నేళ్లకు చక్రాల కుర్చీలో కూర్చునే విల్లు చేపట్టింది. తీర్ అందాజీని మహాప్రవక్త (స) ఎంతగా ప్రోత్సహించారో పాఠకులెరుగుదురు. 2012 లండన్ పారాలింపిక్స్‌లో జహ్రా వ్యక్తిగత స్వర్ణం గెలిచింది. ఒలింపిక్స్‌లో గాని, పారాలింపిక్స్‌లో గాని స్వర్ణం సాధించిన తొలి ఇరాన్ మహిళ ఆమే. 2016లో రియో ఒలింపిక్స్ ప్రారంభోత్సవాన తన దేశ పతాకాన్ని కుర్చీలో కూర్చునే మోసింది. అక్కడ అన్ని అవయవాలూ ఉన్నవారితో తలపడి తొలి రౌండులోనే ఓడింది. మరుసటి నెల అదే నగరంలో పారాలింపిక్స్ స్వర్ణం నిలబెట్టుకుంది. 2021లో టోక్యోలో మూడోసారీ గెలిచింది.

రెండు పోటీలలోనూ ఒకే మనిషి ఎలా పాల్గొనగలిగింది? రికర్వ్ విల్లుతో పోటీపడే ఓపెన్ విభాగంలో లక్ష్యం 70 మీటర్ల దూరంలోనే ఉంటుంది. దాని వ్యాసం 122 సెంటీమీటర్లు. 10 పాయింట్లు వచ్చే నడిమి వలయం 12.2 సెంటీమీటర్లు, అంటే దాదాపు మన చాయ్ సాసరంత. ఒలింపిక్స్ కొలతలూ ఇవే. విలుకాడు కుర్చీలో కూర్చోవచ్చు గాని, లక్ష్యాన్ని ఒక్క అంగుళమైనా ముందుకు జరపరు. జహ్రా కన్న ముందే, 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్‌కు చెందిన నెరోలీ ఫెయిర్‌హాల్ కుర్చీలోంచే బాణాలు వేసింది. అసలు పారాలింపిక్స్‌కు బీజం పడినదే విలువిద్యతో. 1948లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్, యుద్ధంలో గాయపడిన 16 మంది మాజీ సైనిక స్త్రీ పురుషులకు ఈ పోటీ పెట్టాడు. లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైనదీ ఆ రోజే.

సరే, కాళ్లు లేకున్నా చేతులున్నాయి కదా అంటారేమో. జమ్మూ కాశ్మీర్‌లోని కిష్త్వార్ జిల్లాకు చెందిన శీతల్ దేవికి పుట్టుకతోనే చేతులు లేవు. చివర్లలో చక్రాలుండే కాంపౌండ్ విల్లును కుడికాలితో పట్టి, భుజానికి తగిలించిన పరికరంతో వింటినారి లాగి, దవడ బలంతో బాణం వదులుతుంది. చిన్ననాడు కాళ్లతోనే చెట్లెక్కేదట! ఆ సంగతి విన్నాక, మన పిల్లలకు ఏమి చేతగాదో చెప్పేముందు ఏమి చేతనవునో ఒకసారి చూడాలనిపిస్తుంది. 2024 పారిస్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి ఆమె మిశ్రమ జట్టు కాంస్యం గెలిచింది. 2025లో గ్వాంగ్జులో జరిగిన ప్రపంచ పోటీల ఫైనల్లో, పారిస్ విజేతయైన టర్కీ క్రీడాకారిణి ఓజ్నుర్ జ్యూరే గిర్దితో తలపడింది. ఈ విభాగంలో దూరం 50 మీటర్లు. 15 బాణాలకు దక్కగల పాయింట్లు 150. ఓజ్నుర్‌కు 143 వచ్చాయి, శీతల్‌కు 146.