ఉప్పుగాలిలో పిస్తోలు

వర్షాకాలంలో వంటింట్లోని ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. ఉప్పు చెమర్చి ముద్దకట్టి ఉంటుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో సైనికుడి నడుముకు వేలాడే పిస్తోలును ఎప్పుడు మార్చాలి అన్న ప్రశ్నకూ, ఈ చెమ్మకూ దగ్గరి చుట్టరికం ఉంది.

గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ ఆ తేమను పీల్చుకుని తానే ద్రావణంగా మారిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మారింది) చాలా నెలలు గాలి ఈ హద్దుకు పైనే ఉంటుంది. కాబట్టి అక్కడ ఉక్కు మీద వాలిన ఉప్పు రేణువు ఒక పట్టాన ఆరదు. పలుచని ఉప్పునీటి పొరగా పరచుకుని, ఆ ఉక్కులోనే చిన్న చిన్న విద్యుత్ ఘటాలను ఏర్పరుస్తుంది. ఒకచోట ఇనుము అయాన్లుగా కరుగుతుంది. అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లు లోహం గుండా వెళ్ళి, మరోచోట నీటితో, ఆక్సిజన్‌తో చర్య జరుపుతాయి. క్లోరైడ్ అయాన్లు రక్షణ పొరను ఛేదించి సన్నని గుంటలు తవ్వుతాయి.

పైకి కనిపించే ఎర్రని తుప్పును నూనె గుడ్డతో తుడవవచ్చు. గుంటను తుడవలేం. పిస్తోలులోని స్ప్రింగు వేలసార్లు నొక్కుకుని సాగుతుంది. ఆ ఒత్తిడి అంతా గుంట అంచున కేంద్రీకృతమై అక్కడే పగులు మొదలవుతుంది. పైగా పిస్తోలు ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది, చెమటలోనూ క్లోరైడే కదా! రైఫిల్‌తో పోలిస్తే దీన్ని పేల్చే సందర్భాలు తక్కువ. కానీ బయటికి తీసే రోజున మాత్రం ప్రాణం దాని మీదే ఆధారపడుతుంది.

మన సైన్యం దశాబ్దాలుగా వాడుతున్న 9 మి.మీ. పిస్తోలు 1ఏ పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనది. దీని మూలం బ్రౌనింగ్ హైపవర్. 1926లో జాన్ బ్రౌనింగ్ మరణించాక బెల్జియంలో సేవ్ అనే ఇంజనీరు పూర్తిచేయగా 1935లో వెలువడింది. మ్యాగజైన్‌లో 13 తూటాలు, ఫ్రేముతో సహా అంతా ఉక్కే.

ఇదే బ్రౌనింగ్‌ను బ్రిటన్ 2013లో పక్కనపెట్టి, సుమారు 90 లక్షల పౌండ్లతో 25,000కు పైగా గ్లాక్ 17 పిస్తోళ్ళు కొనాలని నిర్ణయించింది. తూటా మాత్రం మారలేదు, అదే 9 మి.మీ. గిడ్డంగుల్లోని నిల్వలు వృథా కాలేదు. 1985లో అమెరికా .45 పిస్తోలు వదిలి బెరెట్టాకు మారినప్పుడు తూటా కూడా మారింది. నా దృష్టిలో పిస్తోలు ధర కన్నా ఈ లెక్కే పెద్దది. తూటాలు, విడిభాగాలు, శిక్షణ అన్నీ కలిపి చూడాలి. చెన్నై నుంచి ఓడలో రెండు మూడు రోజుల దూరాన ఉన్న దీవులకు, 2001 నుంచి త్రివిధ దళాలూ ఒకే కమాండ్ కింద ఉన్నచోటికి, ఒక్క స్ప్రింగు చేరవేయడం కూడా పనే.

గ్లాక్ ఫ్రేము పాలిమర్. అయితే “ప్లాస్టిక్ పిస్తోలుకు తుప్పు పట్టదు” అని పొరబడకండి. గొట్టం, స్లైడు, స్ప్రింగులు ఉక్కువే. స్లైడుకు నైట్రోజన్ పట్టించి ఉపరితలాన్ని గట్టిపరుస్తారు.

మన దగ్గర పుణెలోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల, మౌలోని ఇన్‌ఫాంట్రీ స్కూలు కలిసి రూపొందించిన ‘అస్మి’ మెషిన్ పిస్తోలును 2021లో ప్రకటించారు. 2024లో 550 అస్మిల ఆర్డరు హైదరాబాదులోని లోకేశ్ మెషిన్స్‌కు దక్కింది. ఇది నడుముకు కట్టుకునే పిస్తోలుకు సరిగ్గా బదులు కాదు కానీ, రసాయనశాస్త్ర విద్యార్థికి మంచి ఉదాహరణ. పైభాగం అల్యూమినియం, కిందిది కార్బన్ ఫైబర్. ఈ రెండూ నేరుగా తాకుతూ మధ్యలో ఉప్పునీరు చేరితే, కార్బన్ కాథోడ్‌గా, అల్యూమినియం ఆనోడ్‌గా మారి అల్యూమినియమే కరుగుతుంది. అందుకే ఇలాంటి జంట పదార్థాల మధ్య విద్యుత్ నిరోధక పూత అవసరం.

దీన్ని పరీక్షించడానికి 35 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 శాతం ఉప్పు ద్రావణాన్ని పొగమంచులా చల్లుతారు. 24 గంటలు తడి, 24 గంటలు ఆరుదల, మళ్ళీ అదే వరుస. ఆరబెట్టడం పిస్తోలు మీద జాలితో కాదు. నీటిపొర పలచబడే కొద్దీ ఉప్పు గాఢత పెరుగుతుంది, ఆక్సిజన్ లోహాన్ని త్వరగా చేరుతుంది, తుప్పు వేగం పుంజుకుంటుంది.