వంద కాలరీల అంబలి

గుమ్మలక్ష్మీపురం మండలంలోని సవర, జాతాపు గిరిజన గూడేల్లో పొద్దున్నే పోడుకో జీడితోటకో బయల్దేరే మనిషి కడుపులో పడేది చోడి (రాగి) అంబలి. మరికాస్త కడుపు నిండాలంటే చిక్కగా కెలికి తోప చేసుకుంటారు. పార్వతీపురం మన్యం కొండల్లో తరాలుగా తాగుతున్న ఈ అంబలికి ఇప్పుడు పట్నంలో బరువు తగ్గించే మందన్న పేరొచ్చింది. అన్నం మానేసి చోళ్లకు మారితే సన్నబడతామని చాలామంది నమ్ముతున్నారు. ఈ నమ్మకంలో సగమే నిజం. మిగతా సగం తెలియక ఎంతోమంది ఆరోగ్యం పాడుచేసుకుంటున్నారు.

ముందు లెక్క చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 528 రకాల ఆహార పదార్థాలను పరీక్షించి 2017లో ఒక పట్టిక వేసింది. దాని ప్రకారం వంద గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 356 కాలరీలు, వంద గ్రాముల చోళ్లలో సుమారు 320 ఉన్నాయి. తేడా పదో వంతే. బియ్యం ఎంత తింటున్నారో చోళ్లూ అంతే తింటే నడుము కొలత పెద్దగా మారదు. అసలు తేడా వేరేచోట ఉంది. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో ఎనిమిదికి లోపే. చోళ్లలో పీచు 11 గ్రాములు, బియ్యంలో మూడుకు లోపు. ఇనుము చోళ్లలో ఏడు రెట్లు.

ఇక అంబలి సంగతి. ముప్పై గ్రాముల చోడిపిండిని నీళ్లు బాగా పోసి కాస్తే పెద్ద గిన్నెడు అవుతుంది. అందులో ఉండేవి వంద లోపు కాలరీలే. నీళ్లూ పీచూ కలిసి కడుపు నింపుతాయి, కాల్షియం వంద మిల్లీగ్రాములు దాటుతుంది. టీలో ముంచుకునే ఇరవై గ్రాముల తీపి బిస్కెట్లలోనూ దాదాపు అన్నే కాలరీలు. అంకె ఒకటే అయినా బిస్కెట్లు తిన్న కాసేపటికే మళ్లీ ఆకలేస్తుంది. కాలరీ లెక్క ఒక్కటే చూసుకునేవారికి ఈ రెండూ సమానంగా కనిపిస్తాయి.

కాలరీ వేడికి కొలత. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే శక్తినే తిండి లెక్కల్లో ఒక కాలరీ అంటున్నాం. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు నాలుగు, కొవ్వు తొమ్మిది అన్న లెక్క పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికన్ రసాయన శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్ పరిశోధనల నుంచి వచ్చింది. ఈనాటికీ ప్యాకెట్ల మీదా ఫోన్ యాప్‌లలోనూ ఆ లెక్కే నడుస్తోంది. అయితే అది సగటు లెక్క. గుమ్మలక్ష్మీపురం కొండల్లో విరివిగా పండే జీడిపప్పునే తీసుకోండి. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకు జీడిపప్పు పెట్టి కొలిచి చూస్తే 28 గ్రాముల నుంచి ఒంటికి అందింది 137 కాలరీలే. పట్టికలో ఉన్నది 163. గింజలో కొంత కొవ్వు జీర్ణం కాకుండానే బయటికి వెళ్లిపోతోంది. కాబట్టి యాప్ చూపించే అంకెను దారి తెలుసుకోవడానికి వాడుకోవచ్చు. పది కాలరీలు అటూ ఇటూ అయ్యాయని దిగులుపడటం మాత్రం అనవసరం.

అలాగని లెక్కను కొట్టిపారేయలేం. ఖర్చయ్యేదానికంటే తక్కువ శక్తి అందితేనే బరువు తగ్గుతుంది, దీనికి మినహాయింపు లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాల ప్రకారం 55 కిలోల బరువుండి కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1,660 కాలరీలు చాలు. శ్రమ ఎక్కువగా చేసే స్త్రీకి 2,720 కావాలి. కొండెక్కి కట్టెలు మోసే గిరిజన స్త్రీకీ కంప్యూటర్ ముందు కూర్చునే ఆమెకూ వెయ్యికి పైగా తేడా ఉంది. కొండమీది మనిషి సన్నగా ఉండటానికి చోళ్లొక్కటే కారణమనుకుంటే ఆ శ్రమను లెక్కలోంచి తీసేసినట్టే. ఆకలినీ తీసేసినట్టే. ఈ కొండల్లో తిండిగింజలు నిండుకున్న నెలల్లో మామిడి టెంకపిండితో అంబలి కాచుకుని బతికారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం ఒకటుంది. 1,660 కాలరీలు కావలసిన స్త్రీ బరువు తగ్గాలని నాలుగు వందలు తగ్గించుకుందనుకోండి. తిండి దాదాపు పావు వంతు తగ్గింది. కానీ ఆమెకు రోజూ కావలసిన 29 మిల్లీగ్రాముల ఇనుము, వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం, 46 గ్రాముల మాంసకృత్తులు రవ్వంత కూడా తగ్గలేదు. తక్కువ తిండిలోంచే అవన్నీ రావాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. డైటింగ్ అనగానే గుడ్డు, పప్పు, పాలు మానేస్తారు. రాత్రి భోజనం ఎగ్గొడతారు. మిగిలేది కాస్త అన్నం, పచ్చడి, మధ్యమధ్య టీ. తూకం తగ్గుతుంది, కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. జుట్టు రాలుతుంది, నీరసం కమ్ముతుంది. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదమూ ఉంది. అందుకే పోషకాహార సంస్థ వారానికి అరకిలో తగ్గితే చాలంటుంది, రోజుకు వెయ్యి కాలరీల కంటే కిందికి దిగవద్దంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 36 శాతం అధిక బరువుతో ఉన్నారు, దాదాపు 59 శాతం రక్తహీనతతో ఉన్నారు. లావుగా ఉన్నంత మాత్రాన ఒంట్లో రక్తం ఉన్నట్టు కాదు. మన్యంలో రక్తహీనతకు తిండితోపాటు మలేరియా, సికిల్ సెల్ వ్యాధి కూడా కారణాలే.

కొండ పళ్లెంలోంచి పట్నం నేర్చుకోవలసింది ఒక్క చోళ్ల గురించే కాదు. అంబలి పక్కన ఏముంటాయో చూడండి: కందులు, ఆకుకూరలు, దుంపలు, సంతలో కొన్న ఎండు నెత్తళ్లు. వంద గ్రాముల మునగాకులో 67 కాలరీలే, కాల్షియం మాత్రం మూడు వందల మిల్లీగ్రాములు దాటుతుంది. నెత్తళ్లను ముల్లుతో సహా తింటాం కాబట్టి వాటిలోనూ కాల్షియం దండిగా అందుతుంది. పోపులో అజాగ్రత్తగా ఒలికిన ఒక పెద్ద చెంచా నూనె 120 కాలరీలకు పైమాటే. గిన్నెడు అంబలికంటే ఎక్కువ! కోత పెట్టాల్సింది అక్కడ, ప్యాకెట్ తిళ్ల దగ్గర. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో ఇరవై మందికి రెండు రకాల భోజనం తృప్తిగా తినమని పెట్టారు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రెండు వారాల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కాలరీలు ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. మామూలు తిండి పెట్టిన రెండు వారాల్లో తగ్గారు. తిన్నవాళ్లెవరూ కాలరీలు లెక్కపెట్టుకోలేదు.

ఆ కొండ పళ్లెం ఇప్పుడు కొండమీదే మారిపోతోంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది. అది చిన్న మేలు కాదు. కానీ ఆ బియ్యం వెంట చోళ్లు, సామలు, గంటెలు వెనక్కి జరిగాయి. 2023 మార్చిలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. మంచి పని. కొండరైతు పండించిన చోళ్లనే గిట్టుబాటు ధరకు కొని, అక్కడి హాస్టళ్లకూ రేషన్ డిపోలకూ ఇస్తే ఇంకా మంచిది.

బరువు తగ్గాలనుకునేవారు ఓ పది రోజులు తిన్నదంతా రాసుకోండి. నూనె, చక్కెర, చిరుతిళ్లు ఎంత పోగవుతున్నాయో తెలుస్తుంది. తెలిశాక ఆ లెక్క పక్కన పెట్టేయొచ్చు. పూటపూటా పప్పో గుడ్డో చేపో ఉందా, ఆకుకూర ఉందా, అన్నం తగ్గిందా అని చూసుకుంటే చాలు. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకోండి, భోజనం వెంటనే టీ తాగకండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు కాలరీలు తగ్గించే జోలికి పోకూడదు. షుగర్ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా తిండి తగ్గించకూడదు. తూకం చూసుకునే ముందు స్త్రీలు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. అది 12 గ్రాములకు తక్కువగా ఉంటే ముందు దాని సంగతి చూసుకుని, తర్వాత నడుము సంగతి చూసుకోండి.