బండి ట్యాంకు మీద సంచి: ఎటువంటిది కొనాలి?



ఉదయము ఎనిమిది గంటలప్పుడు చిలుకూరు సెంటరులో పావుగంట నిలబడి, కోదాడ వైపు పోయే మోటారు సైకిళ్లను చూడండి. (చిలుకూరు అనగానే చాలామందికి హైదరాబాదు దగ్గరి బాలాజీ గుడి గుర్తుకు వస్తుంది. మేము చెప్పేది సూర్యాపేట జిల్లాలో కోదాడకు, హుజూర్‌నగర్‌కు మధ్యనున్న మన చిలుకూరు.) ప్రతి రెండు బండ్లలో ఒకదాని హ్యాండిలుకు ఏదో ఒకటి వ్రేలాడుతూనే ఉంటుంది. ఒకరికి టిఫిను డబ్బా, ఒకరికి కూరగాయల కవరు, ఒకరికి పాల క్యాను, ఇంకొకరికి పిల్లవాని పుస్తకాల సంచి. సంఘ సేవకుడైతే బైబిలు, కీర్తనల పుస్తకము ఉన్న గుడ్డసంచి. బండి కొనడానికి ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచిస్తాము. ఆ బండి మీద సామాను ఎక్కడ పెట్టాలన్నది మాత్రము ఎవరమూ ఆలోచించము. ఈ చిన్న విషయమే అప్పుడప్పుడు పెద్ద ప్రమాదమునకు దారి తీస్తున్నది గనుక ఈ నెల దీనిని గూర్చి వ్రాస్తున్నాము.

బరువు ఎక్కడ ఉంటే క్షేమము?

పూర్వము స్కూటరు ఉన్న ఇండ్లలో ఈ ప్రశ్నే లేదు. చేతక్ స్కూటరుకు ముందు డిక్కీ ఉండేది. టి.వి.ఎస్. ఎక్సెల్ బండికి కాళ్ల దగ్గర బియ్యము మూట పెట్టుకొనే చోటు ఇప్పటికీ ఉన్నది. 1985లో హీరో హోండా సి.డి. 100, 1994లో స్ప్లెండర్ వచ్చిన తరువాత పల్లెల్లో మోటారు సైకిళ్లు పెరిగాయి. వాటికి పెట్రోలు పొదుపు ఉన్నది గాని సామానుకు చోటు లేదు. అందుచేత చేతికి అందిన చోట, అనగా హ్యాండిలుకు, తగిలించడము అలవాటైపోయింది.

హ్యాండిలుకు తగిలించిన సంచి ఊగుతుంది. ముందు చక్రమును త్రిప్పేది ఆ హ్యాండిలే. మూడు కిలోల బరువు ఒక ప్రక్కకు లాగుతుంటే మనకు తెలియకుండానే చేతులు రెండవ ప్రక్కకు బలము పెడతాయి. తిన్నని రోడ్డు మీద ఇది తెలియదు. గుంట వచ్చినప్పుడు, కుక్క అడ్డము వచ్చినప్పుడు, ఉన్నట్టుండి త్రిప్పవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. సంచి చెవులు బ్రేకు లీవరుకు చుట్టుకోవచ్చు. పలుచని కవరు తెగి ముందు చక్రములో పడవచ్చు.

మన ప్రాంతమునకు ఇంకొక సంగతి ఉన్నది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద వరి పండించే ఊళ్లు మనవి. కోతల కాలములో సగము రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచుల వెంట రాళ్లు పేరుస్తారు. చీకటి పడిన తరువాత ఎదుటి నుండి లారీ దీపాలు కంట్లో పడితే ఆ రాళ్లు కనబడవు. మా సంఘములోని ఒక సహోదరుడు అటువంటి చోటనే పడిపోయాడు. వేగము ఎక్కువ లేదు. రాయిని తప్పించబోగా హ్యాండిలుకున్న సంచి ట్యాంకుకు, హ్యాండిలుకు మధ్య ఇరుక్కొని బండి తిరగలేదు. భుజము ఎముక విరిగి నాట్లకు పోలేకపోయాడు. ఆ సంచిలో ఉన్నవి రెండు కిలోల టమాటాలు, ఒక సబ్బుల పెట్టె.

వెనుక క్యారియరు మీద ఎక్కువ బరువు కట్టితే ముందు చక్రము తేలికై పట్టు తప్పుతుంది. వీపుకు తగిలించుకొంటే గంటకే నడుము పట్టేస్తుంది. ట్యాంకు మాత్రము రెండు చక్రాల నడుమ, మన మోకాళ్ల మధ్య ఉన్నది. అక్కడ పెట్టిన కొద్దిపాటి బరువు బండిని ఏ ప్రక్కకూ లాగదు, చేతులు కట్టివేయదు. ట్యాంకు సంచిలోని మేలు అంతా ఇదే. కాబట్టి సంచిని ఎంచుకొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న “ఇందులో ఎన్ని పడతాయి?” అన్నది కాదు, “ఇది నా చేతులకు, కంటికి అడ్డము వస్తుందా?” అన్నదే.

దొరికే రకాలు

మొదటిది, రెగ్జిన్ ట్యాంకు కవరు. సీటు కవర్లు కుట్టే దుకాణాలలో దొరుకుతుంది. ట్యాంకుకు తొడుగువలె ఉండి ప్రక్కల జేబులు ఉంటాయి. ధర కొన్ని వందల్లోనే. బండి పత్రాలు, తుడిచే గుడ్డ, కళ్లజోడు, ఒక చిన్న పుస్తకము పడతాయి. రోజూ పది ఇరవై కిలోమీటర్లు తిరిగేవారిలో చాలామందికి ఇది చాలు. అయితే లోపల స్పాంజి ఉన్న కవరు వాన నీళ్లు పీల్చుకొని నిలువ ఉంచుతుంది. దాని క్రింద రంగు పొంగి ఇనుము తుప్పు పడుతుంది. వర్షాకాలములో వారమునకు ఒకసారి తీసి ఆరబెట్టాలి.

రెండవది, పట్టీలతో కట్టే సంచి. ముందు పట్టీ హ్యాండిలు క్రిందనున్న ఫ్రేముకు, వెనుక పట్టీ సీటు క్రిందికి పోతుంది. ఇది ఏ బండికైనా సరిపోతుంది, గుంటల్లో కదలదు. పట్టీని హ్యాండిలుకు గాని, వైర్లకు గాని, బ్రేకు కేబులుకు గాని కట్టకూడదు. ఎక్కడ కట్టాలో తెలియకపోతే మెకానిక్కును అడిగి ఒకసారి కట్టించుకోండి.

మూడవది, అయస్కాంతపు సంచి. పెట్టడము, తీయడము క్షణములో పని. అయితే ట్యాంకు ఇనుపదై ఉండాలి. ఈ మధ్య వస్తున్న కొన్ని బండ్లకు ట్యాంకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటున్నది. దానికి అయస్కాంతము పట్టదు. కొనేముందు ఇంట్లో ఉన్న చిన్న అయస్కాంతముతో మీ ట్యాంకును నాలుగు చోట్ల తాకించి చూడండి. అయస్కాంతమునకు ఇనుప రజను, ఇసుక అంటుకొంటే ట్యాంకు రంగు గీసుకుపోతుంది గనుక పెట్టిన ప్రతిసారి తుడవాలి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు ఈ రకము జోలికి పోవద్దు. బలమైన అయస్కాంతమును పేస్‌మేకరుకు కనీసము ఆరు అంగుళాల దూరములో ఉంచాలని వైద్యులు చెబుతారు. బండి మీద వంగినప్పుడు అంత దూరము ఉంటుందన్న నమ్మకము లేదు. నల్ల పట్టీ ఉన్న బ్యాంకు కార్డులు కూడా అయస్కాంతము ప్రక్కన పెడితే పాడు కావచ్చు.

దూర ప్రయాణాల కొరకు రైనాక్స్, వయాటెర్రా వంటి మన దేశపు సంస్థలు కూడా సంచులు తయారు చేస్తున్నాయి. వాటి ధర వేలల్లో ఉంటుంది. ఏడాదికి ఒకసారి దూరము పోయే కుటుంబమునకు అంత ఖర్చు అవసరమా అన్నది ఇంట్లో కూర్చొని తేల్చుకొనవలసిన మాట.

కొనేముందు దుకాణము ముందే చూడవలసినవి

1. బండిని సెంటరు స్టాండు వేసి, సంచి నింపి పెట్టించండి. ఖాళీ సంచి ఎక్కడైనా సరిపోతుంది. లోపల కాగితాలు కుక్కి నిండుగా చేసి చూడాలి.

2. హ్యాండిలును ఎడమ చివరకు, కుడి చివరకు త్రిప్పండి. సంచి ఎక్కడా తగలకూడదు. హారను, ఇండికేటరు మీటలు వత్తుకుపోకూడదు.

3. సీటు మీద మామూలుగా కూర్చొని చూడండి. మీటరు, పెట్రోలు ముల్లు కనబడాలి. సంచి మీ పొట్టకు ఆనుకొంటే అది పెద్దదన్నమాట. మోకాళ్లు ట్యాంకును పట్టుకొనే చోటు ఖాళీగా ఉండాలి.

4. పెట్రోలు మూతకు చాలా బండ్లలో గాలి పోయే సన్నని రంధ్రము ఉంటుంది. పెట్రోలు తగ్గినకొద్దీ ఆ దారిన గాలి లోపలికి పోవాలి. సంచి అడుగు దానిని గట్టిగా మూసివేస్తే పెట్రోలు సరిగా దిగక, ఇంజను ముక్కుతూ ఆగిపోవచ్చు. మూత చోట ఖాళీ ఉన్న సంచి తీసుకోండి.

5. పెట్రోలు పోయించేటప్పుడు సంచి సులువుగా తొలగాలి. సంచి పీకలేక ముందు మనిషి విసుక్కుంటుంటే వెనుక వరుస పెరుగుతుంది.

6. జిప్పును పదిసార్లు లాగి చూడండి. సంచి గుడ్డ కన్న ముందు పాడయ్యేది జిప్పే. వానకు వేసే కవరు విడిగా ఇస్తారా అని అడగండి. “వాటర్‌ప్రూఫ్” అని వ్రాసి ఉన్నా కుట్ల గుండా నీరు దిగుతుంది. పుస్తకాలు, కాగితాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టడమే మేలు.

రోజువారీ పనికి, దూర ప్రయాణమునకు

రోజూ బడికి, ఆఫీసుకు, గృహ కూడికలకు పోయేవారికి అయిదు నుండి ఎనిమిది లీటర్ల సంచి చాలు. ఒక బైబిలు, టిఫిను, నీళ్ల సీసా, వాన కోటు పడితే సరి. బండి పత్రాల అసలు ప్రతులు మోయనవసరము లేదు. 2018 నుండి డిజీలాకరులోని లైసెన్సు, ఆర్.సి. చెల్లుతాయి.

దూర ప్రయాణమునకు పదిహేను లీటర్ల వరకు తీసుకోవచ్చు. ఉదాహరణకు మన వాళ్లు మెదక్ కెథడ్రల్ చూడడానికి పోతుంటారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయమునకు 2024తో నూరేండ్లు నిండాయి. చిలుకూరు నుండి కోదాడ, సూర్యాపేట, హైదరాబాదు మీదుగా 250 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాదు చుట్టూ ఉన్న ఔటర్ రింగు రోడ్డు మీదికి మోటారు సైకిళ్లను రానివ్వరు. ప్రక్కనున్న సర్వీసు రోడ్డునే పోవాలి. ఇటువంటి ప్రయాణములో ట్యాంకు సంచిలో ఉండవలసినవి మాటిమాటికి కావలసినవే: నీళ్లు, కళ్లజోడు, కొంచెము డబ్బు, తువ్వాలు, దెబ్బలకు కట్టు గుడ్డ. బట్టలు వెనుక సీటుకు కట్టే సంచిలో పెట్టాలి. ఎంత పెద్ద సంచి అయినా ట్యాంకు మీద నాలుగైదు కిలోలు మించకుండా చూసుకోండి.

సంచి పైన పారదర్శకమైన జేబు ఉంటే దారి చూపించే ఫోను అందులో పెడతారు. మే నెల ఎండలో ఆ జేబు పొయ్యివలె కాలుతుంది. ఇంజను అదురుకు ఫోను కెమెరా పాడు కావచ్చని ఆపిల్ సంస్థ 2021లోనే హెచ్చరించింది. దారి చూడవలసి వస్తే బండి ఆపి చూడండి.

అక్కడ పెట్టకూడనివి

గట్టివి, మొనదేలినవి పెట్టవద్దు. స్పానర్లు, కొడవలి, స్టీలు గిన్నెలు, కొబ్బరికాయలు అక్కడ ఉండకూడదు. బండి దేనికైనా గుద్దుకొంటే మనిషి ముందుకు జారి పొట్టతో ట్యాంకును తాకుతాడు. అప్పుడు సంచిలో ఉన్నది మెత్తని తువ్వాలా, ఇనుప పానయా అన్నది చిన్న సంగతి కాదు.

మందులు పెట్టవద్దు. ముఖ్యముగా చక్కెర వ్యాధికి వాడే ఇన్సులిన్. పైన ఎండ, క్రింద ఇంజను వేడి. వేడికి చెడిన ఇన్సులిన్ చూడడానికి మంచిదానివలెనే ఉండవచ్చు. శరీరములో పని చేయదు. కోదాడ నుండి అమ్మకు మందు తెచ్చే కుమారులు దీనిని గుర్తుంచుకోవాలి. చల్లని సీసాతో కలిపి గుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట తీసుకొని పోండి. ఐసు మాత్రము దానికి నేరుగా తగలకూడదు. గడ్డకట్టినా మందు పాడవుతుంది.

అన్నింటికన్న ముఖ్యమైనది: సంచి మెత్తగా ఉన్నదని దాని మీద పిల్లవానిని కూర్చోబెట్టవద్దు. ట్యాంకు మీద బిడ్డను పెట్టుకొని ఊరంతా త్రిప్పడము మనకు ముద్దు. బ్రేకు వేసిన క్షణములో ఆ బిడ్డ తండ్రికీ హ్యాండిలుకూ మధ్య నలిగిపోతాడు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించి, 2023 నుండి అమలు చేసిన నియమము ప్రకారము నాలుగేండ్ల లోపు బిడ్డకు బండి నడిపేవారితో కట్టి ఉంచే రక్షణ పట్టీ, తలకు సరిపడే హెల్మెటు ఉండాలి. వేగము గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. చట్టము కొరకు కాకపోయినా మన బిడ్డ కొరకు చేయాలి.

అలాగే హెల్మెటు. పోలీసులు కనబడే వరకు దానిని ట్యాంకు మీద పెట్టుకొని పోయేవారిని చూస్తున్నాము. ట్యాంకు మీద సంచి ఉంటే ఆ చోటు నిండిపోతుంది. హెల్మెటు దాని చోటికి, అనగా తల మీదికి, పోతుంది. ఇదియు ఒక మేలే!

చివరి మాట

లూకా సువార్త పదియవ అధ్యాయములో ప్రభువు తన వారిని ఇద్దరిద్దరినిగా పంపుతూ జాలె వద్దన్నాడు. అదే సువార్త ఇరువది రెండవ అధ్యాయములో, కాలము మారినప్పుడు, ఉన్నవాడు జాలె తీసుకొని పోవాలన్నాడు. జాలె మోయడము తప్పు కాదు, మోయకపోవడము గొప్ప కాదు. ఏ పని మీద పోతున్నామో దానికి తగినంతే మోయాలి.

ఈ వారము ఒక పని చేయండి. మీ బండి హ్యాండిలుకు రోజూ ఏమి వ్రేలాడుతున్నదో భార్యాభర్తలు కలిసి చూడండి. అందులో సగము ఇంట్లో ఉండదగినవే అయి ఉంటాయి. మిగిలిన దానికి సరిపోయే సంచి కొనండి. డబ్బు లేకపోతే మొదట ఆ సగము తీసివేయండి. దానికి ఖర్చు లేదు. సాయంత్రము వాకిట్లో బండి చప్పుడు కొరకు ఎదురు చూసే ఇంటివారికి మనము తీసుకొని పోగలిగిన మంచి బహుమానము, క్షేమముగా తిరిగి వచ్చిన మనమే.