కొత్త ప్లేటు వేసినా ఘాట్ ఎక్కని జీపు
జేబు ఖాళీ అవుతున్న ఏజెన్సీ డ్రైవర్లు - లోపం ఒకచోట, మరమ్మతు మరోచోట

పాడేరు (మా విలేకరి): ఉప్పు, ఉల్లిపాయలు, నూనె డబ్బాలు, వాటి మీద పదకొండు మంది జనం. ఇంత బరువుతో చోడవరం నుంచి బయలుదేరిన పాత జీపు ఒకటి 2024 డిసెంబరులో ఒక తెల్లవారుజామున పాడేరు ఘాట్‌లో అమ్మవారి పాదాలకు చేరకముందే నిలిచిపోయింది. ఇంజను ఆగలేదు. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ గర్జిస్తూనే ఉంది. చక్రాలే కదలలేదు. కాస్సేపటికి ఏదో మాడిన ఘాటు వాసన. జనం గబగబా దిగి చక్రాల వెనుక రాళ్లు పెట్టారు. వారిలో ఈ విలేకరి కూడా ఉన్నాడు.

"కొత్త ప్లేటు వేసి తొమ్మిది రోజులే అయినాది బాబూ" అంటూ డ్రైవరు రోడ్డు పక్కన కూలబడ్డాడు. బండి అతని సొంతం. కాఫీ పండ్ల కోత జరిగే రోజులు. ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్లజూసేది అప్పుడే. ఆ సీజనులో మూడుసార్లు గేరుబాక్సు దింపించాడు, రెండు ప్లేట్లు కొన్నాడు, పది రోజులపైన కిరాయి పోగొట్టుకున్నాడు. చివరకు తేలిన సంగతి ఏమిటంటే, అసలు లోపం గేరుబాక్సు దింపకుండానే కనిపించేది.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన తరువాత పాడేరు జిల్లా కేంద్రమయింది. ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. బస్సు వెళ్లే రోడ్డు పరిస్థితి కొంత నయమే గాని, అక్కడి నుంచి లోపలి గూడేలకు ఇప్పటికీ జీపే దిక్కు. జీపు కూడా పోని చోటికి డోలీ. సంతకు పసుపు, మిరియాలు దించాలన్నా, పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఆస్పత్రికి చేర్చాలన్నా ఆ పాత బండ్లే. అటువంటి బండికి క్లచ్ పోవడమంటే ఒక్క డ్రైవరు కష్టం కాదు.

పెట్టె కొత్తది, సరుకు ఎవరిదో?

క్లచ్ పని స్థూలంగా ఇదీ. ఇంజను వెనుక తిరిగే ఫ్లైవీలుకు, దాని మీద బిగించిన ప్రెషర్ ప్లేటుకు మధ్య క్లచ్ ప్లేటు నలిగి ఉంటుంది. ఆ నలుపుడు వల్లనే ఇంజను బలం గేరుబాక్సుకు అందుతుంది. పెడలు తొక్కితే రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కుతుంది, ప్లేటు వదులవుతుంది, గేరు పడుతుంది.

పాత జీపులకు కంపెనీ సామాను దొరకడం కష్టమైన మాట నిజమే. బజారులో దొరికే బయటి సరుకంతా చెడ్డదని కూడా అనలేము. మంచి తయారీదారులున్నారు. కాని వారి పెట్టెలాంటి పెట్టెలో, వారి అక్షరాలలాంటి అక్షరాలతో మరెవరి సరుకో వస్తోందని మెకానిక్కులే చెబుతున్నారు. కొనేముందు పాత ప్లేటును దుకాణానికి పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడడమే మేలు. చుట్టుకొలత, మధ్య రంధ్రంలోని పళ్ల సంఖ్య, మధ్య బుడిపె ఎత్తు, లైనింగు మందం సరిపోవాలి. లైనింగులో రివిట్లు బాగా లోతుగా దిగి ఉండాలి. పైకే కనిపిస్తే నాలుగు రోజులకే లైనింగు అరిగి రివిట్లు ఫ్లైవీలును గీస్తాయి. ప్లేటును ఏ వైపు తిప్పి పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. తిరగేసి బిగిస్తే పెడలు ఎంత తొక్కినా క్లచ్ విడవదు.

మన డ్రైవరు మొదట కొన్న ప్లేటు నాసిదే. విప్పి చూస్తే రివిట్లు దాదాపు పైకి తేలి ఉన్నాయి. దుకాణదారును అడిగితే "ఘాట్‌లో నడిపితే ఏ ప్లేటయినా పోతుంది" అన్నాడట. అప్పు చేసి ఈసారి మేలురకం ప్లేటు, దానితోపాటు రిలీజ్ బేరింగు తెచ్చి వేయించాడు. షెడ్డు ముందు చదును నేల మీద బండి చక్కగా పరుగెత్తింది. వారం తిరగకుండా ఘాట్‌లో మళ్లీ అదే వాసన.

"ప్లేటు మార్చినాం, బేరింగు మార్చినాం, ఇంకేటి మార్చాల బాబూ?" అన్న అతని ప్రశ్నకు షెడ్డులో ఎవరూ బదులు చెప్పలేదు.

చేత్తో చూసిన పెద్దాయన

చివరకు బండిని తాడు కట్టి చోడవరం వైపు దించి ఒక వృద్ధ మెకానిక్కు వద్ద నిలిపారు. ఆయన స్పానరు ముట్టుకోలేదు. వంగి క్లచ్ పెడలును చేత్తో నెమ్మదిగా నొక్కాడు. తరువాత బండి కిందకు దూరి ఒక కుర్రవాడిని పెడలు తొక్కి వదలమన్నాడు. "ముందు పెడలు చూడాల, తరవాత గేరుబాక్సు దించాల. మీరు తిరగేసి చేసినారు" అన్నాడు.

ఆయన చూపించినది ఇది. పెడలు తొక్కగానే బేరింగు వేళ్లకు తగలకూడదు. మొదట కొంత ఖాళీ నడక ఉండాలి. ఇటువంటి పాత జీపులలో పెడలు వద్ద అది అంగుళం అటూఇటూ ఉంటుంది. కచ్చితమైన కొలత ఆ బండి పుస్తకంలో ఉంటుంది. ఈ జీపులో ఆ ఖాళీ బొత్తిగా లేదు. అంటే కాలు తీసినా బేరింగు వేళ్లను నొక్కుతూనే ఉంది. ప్లేటు ఎంత మంచిదైనా పూర్తిగా బిగుసుకోదు, జారుతుంది, జారితే కాలుతుంది.

మరి ఖాళీ లేకుండా ఎవరు బిగించారు? మొదటి షెడ్డువారే. తెలియక కాదు, గేరు పడడం లేదని. ఎందుకు పడడం లేదంటే, పెడలు నుంచి గేరుబాక్సు దాకా కదలికను అందించే అడ్డగొట్టం కొసలు, దాని బుష్‌లు అరిగి వదులై పోయాయి. తొక్కిన తొక్కుడులో సగం ఆ వదులుకే సరిపోతోంది. దాన్ని కప్పిపుచ్చడానికి రాడ్డును బిగించి ఖాళీని తినేశారు. గేరు పడింది, అందరూ సంతోషించారు.

చదును నేల మీద ఇది బయటపడదు. ఆ అడ్డగొట్టానికి ఒక కొస చాసిస్‌కు, రెండో కొస ఇంజను వైపుకు ఆనుకుని ఉంటుంది. గోతుల్లో చాసిస్ మెలిపడుతుంది. బరువు మీద ఇంజను తన రబ్బరు దిమ్మెల మీద ఊగుతుంది. ఈ జీపులో ఆ దిమ్మెలు కూడా నలిగి కుంగిపోయాయి. ఇంజను కదిలినప్పుడల్లా, డ్రైవరు కాలు పెట్టకుండానే, క్లచ్ కాస్త కాస్త తొక్కినట్టవుతోంది. రెండవ ప్లేటు నిష్కారణంగా కాలిపోయింది పాపం.

బుష్‌లు, రబ్బరు దిమ్మెలు మార్చారు. ఆ తరువాతే మూడోసారి గేరుబాక్సు దింపారు. ఫ్లైవీలు నీలం రంగు తిరిగి, వెంట్రుకవాసి పగుళ్లు పట్టి ఉంది. దాన్ని లేత్ మీద చదును చేయించకుండా వేసిన ప్లేటు అదురుతుంది, త్వరగా అరుగుతుంది. మొదటి రెండుసార్లూ లేత్ కూలి మిగులుతుందని ఎవరూ ఆ పని చేయలేదు.

కాలు, ముక్కు, చెవి

డ్రైవర్లు గుర్తుపెట్టుకోవలసిన ఆనవాళ్లు కొన్నింటిని ఆ పెద్దాయన చెప్పాడు. ఇంజను అరుస్తూ బండి లాగకపోతే ప్లేటు జారుతున్నట్టు. చదును చోట హ్యాండు బ్రేకు గట్టిగా వేసి, టాప్ గేరులో పెట్టి మెల్లగా క్లచ్ వదిలితే ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే జారుతున్నదే. ఈ పరీక్ష ఒకసారి చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటూ మాడుతుంది. జారే క్లచ్‌తో దిగుడు మరీ ప్రమాదం. గేరులో ఉన్నా ఇంజను బండిని సరిగా పట్టి ఉంచలేదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఒకటో గేరు, రివర్సు కరకరలాడితే ప్లేటు విడవడం లేదన్నమాట. పెడలు తొక్కినప్పుడు మోత వస్తే రిలీజ్ బేరింగునో, ఫ్లైవీలు మధ్యనుండే బుష్‌నో అనుమానించాలి. తొక్కితే పోయి వదిలితే వచ్చే మోత సాధారణంగా గేరుబాక్సు ముందు బేరింగుది. గేరుబాక్సు ముందున్న గూడు అడుగు నుంచి నూనె చుక్కలు పడుతుంటే, సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేయడం వృథా. ఆ నూనె దీన్నీ పాడుచేస్తుంది. గెడ్డ దాటాక తడిసిన ప్లేటు కాస్సేపు అదరవచ్చు. బురదతో అలాగే రోజుల తరబడి నిలిపితే ఫ్లైవీలుకు తుప్పుతో అతుక్కుపోతుంది. కొత్తరకం బండ్లలో రాడ్డుకు బదులు నూనెతో పనిచేసే క్లచ్ ఉంటుంది. వాటికి గాలి తీయడం, బ్రేకు ఆయిలు తప్ప వేరే నూనె పోయకపోవడం ముఖ్యం.

బాధ్యత డ్రైవర్లకూ లేకపోలేదు. ఎక్కుడులో జనాన్ని ఎక్కించుకోవడానికి ఆపి, హ్యాండు బ్రేకు వేయకుండా సగం క్లచ్ మీద బండిని వేలాడదీసేవారు చాలామంది. తక్కువ గేరు మీట ఉన్న జీపుల్లో కూడా డీజిలు ఎక్కువ తాగుతుందని దాన్ని వాడరు. టాపు మీద, బానెట్టు మీద మనుషులను ఎక్కించిన బండికి ఏ ప్లేటూ ఆగదు.

మరొక మాట. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. షెడ్డుల్లో కుర్రవాళ్లు గాలిపైపు పెట్టి ఆ ధూళిని ఎగరగొడుతుంటే పక్కనే టీ తాగే జనాన్ని ఈ విలేకరి ఎన్నోసార్లు చూశాడు. తడిగుడ్డతో తుడవాలి.

బిల్లు లేని కొనుగోలు

మొదటి ప్లేటు డబ్బు తిరిగి రాలేదు. బిల్లు లేదు. సగం ధర తగ్గుతుందని అతనే వద్దన్నాడు. కిరాయి బండి కాబట్టి తనకు ఫిర్యాదు హక్కు లేదనుకుంటున్నాడు. అది పొరపాటు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవాడు కూడా వినియోగదారుడే. కొన్న ఊళ్లోనే కాదు, తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషనులో కూడా రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. అయితే బిల్లు, పెట్టె, కాలిన ప్లేటు చేతిలో ఉండాలి.

సంక్రాంతికి ముందు ఆ జీపు మళ్లీ ఘాట్ ఎక్కింది. మొదటి కొద్ది వందల కిలోమీటర్లు బరువు తగ్గించి నడపమన్నాడు పెద్దాయన. ఎనిమిది మందినే ఎక్కించుకుంటానంటే సంతజనం తిట్టారట. అమ్మవారి పాదాల వద్ద డ్రైవరు దిగి కొబ్బరికాయ కొట్టి, తిరిగి ఎక్కేముందు క్లచ్ పెడలును చేత్తో ఒకసారి నొక్కి చూశాడు.