గ్రూప్ ఫోటోలో మన ముఖాలు – కెమెరా తొలి పాఠాలు



నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన హాస్టల్ వార్షికోత్సవం నాడు తీసిన గ్రూప్ ఫోటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కొత్తగా సున్నం వేసిన గోడ ముందు మూడు వరుసల్లో నిలబడ్డాం. ఫోటోలో ఆ తెల్లగోడ బూడిద రంగుకు తిరిగింది. మా ముఖాలైతే నల్లటి మచ్చల్లా ఉన్నాయి. అమ్మ దాన్ని ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసి "నువ్వెక్కడున్నావురా?" అని అడిగింది. "మనం నల్లగా ఉంటాం కదమ్మా, ఫోటోలో అంతే" అన్నాను. నిజంగా అలాగే నమ్మాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పీజీలో డిజైన్ చదువుతూ కెమెరా పాఠాలు విన్నాకే, ఆ ఫోటోలో తప్పు మా రంగుది కాదని తెలిసింది. డిజైన్, మల్టీమీడియా వైపు వెళ్లాలనుకునే తమ్ముళ్ల కోసం నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. సొంత కెమెరా లేదని వెనకాడకండి. నాకూ లేదు. స్నేహితుడి పాత కెమెరా అడిగి తీసుకుని, ఆదివారాల్లో అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా నడుస్తూ నేర్చుకున్నాను.

వెలుతురు కొలత

ఫోటో అంటే కొలిచి పట్టుకున్న వెలుతురు. పొద్దున్నే హాస్టల్ కుళాయి దగ్గర బకెట్ నింపడం గుర్తుచేసుకోండి. కుళాయి ఎంత తిప్పాం, ఎంతసేపు ఉంచాం అన్నదాన్ని బట్టి బకెట్ నిండుతుంది. కెమెరాలోనూ అంతే.

అపర్చర్ అంటే లెన్సు లోపలి రంధ్రం. దీన్ని ఎఫ్ 2, 2.8, 4, 5.6, 8, 11 అని గుర్తిస్తారు. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఈ వరుసలో ఒక్కో మెట్టు పెరిగితే వెలుతురు సగానికి తగ్గుతుంది. రంధ్రం పెద్దగా ఉంటే మనిషి స్పష్టంగా, వెనకదంతా మసకగా వస్తుంది. ఒక్కరి ఫోటోకి అది బాగుంటుంది. మూడు వరుసల ఫోటోకి మాత్రం ఎఫ్ 8 పెట్టండి. వెనక వరుసలో నిలబడ్డవాళ్లూ మనవాళ్లే కదా!

షట్టర్ స్పీడ్ అంటే రంధ్రం ఎంతసేపు తెరిచి ఉంటుందన్న లెక్క. పంజాగుట్టలో ఫుట్‌పాత్ మీద నిలబడి, పోతున్న సిటీ బస్సును 1/500 సెకనులో తీస్తే ఆగిన బస్సులా వస్తుంది. 1/15లో తీస్తే రంగు గీతలా సాగిపోతుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 1/60 కన్నా తగ్గితే మన చేతి వణుకు కూడా ఫోటోలో పడుతుంది.

మూడోది ఐ.ఎస్.ఓ. ఇది వార్షికోత్సవం మైకు వాల్యూమ్ లాంటిది. పెంచితే మాటతోపాటు గరగర కూడా పెరుగుతుంది. ఎండలో 100 చాలు. అమీర్‌పేటలో మెట్రో పట్టాల కింద నీడలో 400, రాత్రి దుకాణాల ముందు 1600 దాకా కావాలి. పెంచేకొద్దీ ఫోటోలో గరుకు చుక్కలు కనిపిస్తాయి.

ముఖం ఎందుకు నల్లబడింది?

ఆటోలో పెడితే ఈ మూడూ కెమెరాయే చూసుకుంటుంది. కానీ మామూలు కెమెరా మీటరు, ఎదురుగా ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద రంగు అవుతుందని లెక్క వేసుకుంటుంది. తెల్లగోడ ఎక్కువగా కనిపిస్తే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. గోడ బూడిదవుతుంది, ముఖాలు చీకట్లోకి పోతాయి. మా ఫోటోలో జరిగింది ఇదే.

దీనికి మందు ఉంది. కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 పెట్టండి. చాలా ఫోన్లలో ముఖం మీద వేలు పెడితే సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి జరపండి. గోడను వదిలి చెట్టు నీడలోకి వెళ్తే ఇంకా మంచిది. ఒక జాగ్రత్త: స్పాట్ మీటరుతో ముఖాన్ని మాత్రమే కొలిస్తే, నల్లని ముఖాన్ని ఉన్నదానికన్నా తెల్లగా చూపిస్తుంది. అప్పుడు అర మెట్టో ఒక మెట్టో తగ్గించాలి. మనకు కావలసింది ముఖం తెల్లబడటం కాదు, ఉన్నది ఉన్నట్టు కనపడటం.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. కలర్ ప్రింట్లు సరిచూసుకోవడానికి కొడాక్ సంస్థ ల్యాబులకు పంపిన 'షర్లీ కార్డుల' మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టే లెక్క. వేర్వేరు రంగుల మనుషులున్న కార్డులు 1990లలో గానీ రాలేదు. 2021లో గూగుల్ సంస్థ అన్ని చర్మపు రంగులూ సరిగా రావాలని పిక్సెల్ 6 ఫోనులో 'రియల్ టోన్' అనే ఏర్పాటు తెచ్చింది.

మన నగరానికి వస్తే, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల మీద ఫోటోలు తీశారు. ఆ కెమెరాల్లో మీటరు లేదు. వెలుతురును చూసి అనుభవంతో అంచనా కట్టాల్సిందే. ఆ చూపు మనం కూడా అలవాటు చేసుకోవచ్చు, దానికి ఖర్చు లేదు.

డిజైన్ చేసేవాళ్లకు

పోస్టరు కోసం తీసే ఫోటోలో అక్షరాలకు చోటు వదిలి తీయండి. ఏ4 పేజీ నిండా అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 2480 x 3508, అంటే సుమారు 87 లక్షల పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతుంది. డాక్యుమెంటుగా పంపండి. ఈ చదువు మీద ఇష్టం ఉన్నవాళ్లకు మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ డిగ్రీ కోర్సు ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి.

ఈసారి గ్రూప్ ఫోటో నేనే తీస్తానని వార్డెన్ సారుకు చెప్పాను. వేపచెట్టు నీడ, ఎఫ్ 8, 1/125, ఐ.ఎస్.ఓ. 400. అందరూ రండి. ఆ ఫోటో చూసి ఏ అమ్మా "నువ్వెక్కడున్నావురా?" అని అడగకూడదు.