మనసు గురించి పన్నెండు వారాలు

పదో తరగతిలో మేము ముగ్గురం ఇదే బడిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. తర్వాత నాన్నల బదిలీలు తలా ఒక వైపుకు తీసుకుపోయాయి. ఇప్పుడు ఒకరం విశాఖపట్నంలో, ఒకరం పుణేలో, ఒకరం గువాహటిలో డిగ్రీ చదువుతున్నాం. కిందటి జూలైలో మళ్ళీ ఒకే తరగతిలో చేరాం. అది ‘స్వయం’లో మనస్తత్వశాస్త్ర పరిచయం కోర్సు. ఆ చదువు ఎలా ఉంటుందో, మేము ఎక్కడ బోల్తా పడ్డామో రేపు కాలేజీకి వెళ్ళబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెబుదామని రాస్తున్నాం.

స్వయం అనేది కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ఆన్‌లైన్ చదువుల వేదిక. చేరడానికి డబ్బు కట్టనక్కరలేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం రుసుము కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాయాలి. మాది పన్నెండు వారాల కోర్సు. ప్రతి వారం కొన్ని వీడియో పాఠాలు, ఒక అసైన్‌మెంట్, దానికో గడువు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, చివరి పరీక్షకు 75. ఈ క్రెడిట్లు డిగ్రీలో కలవాలంటే కాలేజీ ఒప్పుకోవాలి, ఆ సంగతి చేరకముందే అడిగి తెలుసుకోండి. నాన్నగారికి బదిలీ అయినా ఈ తరగతి మారదు. టీసీ తీసుకోనక్కరలేదు, కొత్త టీచరు ముందు లేచి పేరు చెప్పుకోనక్కరలేదు. మనలాంటి వాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

కోర్సు పేరు చెప్పగానే మా ముగ్గురి ఇళ్ళలోనూ ఒకే మాట అన్నారు: “అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం!” మనస్తత్వశాస్త్రం జోస్యం కాదు. పరిశీలించి, ప్రయోగం చేసి, కొలిచి చూసే శాస్త్రం. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టిన నాటి నుంచి దీని చరిత్ర చెబుతారు. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఈ శాఖ మొదలైంది. కోర్సులో మెదడు, ఇంద్రియాలు, ఉద్వేగాలు, మూర్తిమత్వం అన్నీ కొంచెం కొంచెంగా వస్తాయి. మమ్మల్ని కట్టిపడేసింది మాత్రం జ్ఞాపకం గురించిన పాఠం.

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. అర్థం లేని అక్షరాల కూర్పుల్ని వరసగా బట్టీపట్టాడు. కొంతకాలం ఆగి, వాటినే మళ్ళీ నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో చూశాడు. 1885లో అచ్చయిన ఆయన లెక్కల్లో, గంట తర్వాత మళ్ళీ నేర్చుకుంటే మొదటిసారి పట్టిన సమయంలో 44 శాతం ఆదా అయింది. ఒక రోజు తర్వాత 34 శాతం, 31 రోజుల తర్వాత 21 శాతం. అంటే మరుపు మొదట్లో గబగబా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. దీన్నే విస్మృతి వక్రరేఖ అంటారు.

ఆ 21 దగ్గర వీడియో ఆపి ముగ్గురం ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. మా గువాహటి స్నేహితురాలు రెండో తరగతి దాకా హైదరాబాదులో తెలుగు చదివింది. తర్వాత ఆరేళ్ళు జోర్హాట్‌లో, జైసల్మేర్‌లో గడిచేసరికి ఒత్తులూ గుణింతాలూ అన్నీ పోయాయి. ఎనిమిదో తరగతి సెలవుల్లో రాజమండ్రిలో అమ్మమ్మ దగ్గర మళ్ళీ అఆల నుంచి మొదలుపెడితే పది రోజుల్లో కథల పుస్తకం చదివేసింది. “నా మనవరాలు చురుకు” అని అమ్మమ్మ వీధంతా చెప్పుకుంది. పోయిందనుకున్నదాంట్లో కొంత లోపల మిగిలే ఉందేమో! ఒక్కరి అనుభవం రుజువు కాదని కూడా ఆ కోర్సే నేర్పింది కాబట్టి ‘ఏమో’ అంటున్నాం.

ఆ అమ్మాయే పరీక్ష తప్పింది. ఏడో వారంలో వాళ్ళ నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. సామాన్లు అట్టపెట్టెల్లోకి సర్దుతూ, తను హాస్టల్‌కు మారుతూ వీడియోలు రెండింతల వేగంతో వింది. వీడియో పక్కన పెట్టుకుని జవాబులు రాస్తే అసైన్‌మెంట్లలో 25కు 22 వచ్చాయి. ‘నాకంతా వచ్చు’ అనిపించింది. పరీక్షలో 75కు కనీసం 30 రావాలి, వచ్చినవి 27. మిగతా ఇద్దరం గట్టెక్కాం గానీ, మేమూ చదివింది అలాగే.

ఇలా ఎందుకు జరుగుతుందో 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఉంది. విద్యార్థులు రెండు పాఠాలు చదివారు. ఒకదాన్ని రెండోసారి చదివారు, మరోదాన్ని పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత రెండోసారి చదివిందే ఎక్కువ గుర్తుంది, 75 శాతానికి 81. వారం తర్వాత చూస్తే తారుమారైంది. మళ్ళీ చదివింది 42 శాతం, మూసి రాసింది 56 శాతం గుర్తుంది. తేలిగ్గా చదివేస్తున్నప్పుడు వచ్చేసినట్టే ఉంటుంది, ఆ భ్రమలోనే మేము పడ్డాం.

జనవరిలో ఆమె మళ్ళీ పేరు నమోదు చేసుకుంది. ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, వీడియో తెరవకుండా ఆ వారం పాఠం ఆమె మాకు చెబుతుంది. తడబడిన చోట మేము చెప్పబోతే, “ఆగండే, నేనే గుర్తు తెచ్చుకుంటా” అంటోంది.